నాన్న ఫోన్ వచ్చేదాకా మేలుకునే బాబు

రాజోలు దగ్గర ఒక పల్లె నుంచి ఓ తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఆవిడకి ఇరవై ఏడేళ్లు, బాబుకి ఇరవై రెండు నెలలు. భర్త కువైట్‌లో ఒకరింట్లో డ్రైవరు. బాబుకి ఐదో నెల ఉండగా వెళ్లారు, మళ్లీ వచ్చేది సంక్రాంతికే. ఈవిడ అత్తమామల దగ్గర ఉంటూ ఇంట్లోనే మిషన్ కుడతారు.

బాబు రోజు ఎలా గడుస్తుందో గంటలతో సహా రాశారు. ఉదయం ఎనిమిదిన్నరకి లేస్తాడు. రెండున్నరకి అన్నం. నాలుగింటికి అత్తయ్యగారు చీర ఉయ్యాలలో వేసి ఊపితే ఆరున్నర దాకా పడుకుంటాడు. లేవగానే టీలో బిస్కెట్టు ముంచి పెడతారు. ఎనిమిదికి మళ్లీ అన్నం, ఆ తర్వాత ఆట. పదిన్నరకి నాన్న వీడియో కాల్. "వాళ్ల నాన్న కనపడేదాకా పడుకోబెట్టకండి" అన్నది మావయ్యగారి మాట. ఫోన్ పెట్టేయగానే ఏడుపు, ఆ ఏడుపు ఆపడానికి అదే ఫోన్‌లో బొమ్మల వీడియోలు. పన్నెండింటికి మళ్లీ ఉయ్యాల. నిద్రపోయాక తీసి పక్కమీద వేస్తారు. ఈవిడ ఒంటిగంట దాకా జాకెట్లు కుట్టుకుని నడుం వాలుస్తారు. అప్పుడు మొదలవుతుంది. ఒంటిగంటకి, మూడింటికి, ఐదింటికి లేచి ఏడుస్తాడు. పాలు ఇస్తే గానీ, లేకపోతే ఉయ్యాల ఊపితే గానీ ఊరుకోడు.

సలహాలకి కరువు లేదు. అత్తయ్యగారు దిష్టి అంటున్నారు, వేపాకు నూరి రాసి పాలు మాన్పించమంటున్నారు. పక్కింటావిడ జలుబు మందు అరచెంచా పడితే హాయిగా పడుకుంటాడంది. హైదరాబాద్‌లో ఉన్న అక్క, గదిలో వదిలి తలుపేసెయ్, మూడు రోజులు ఏడ్చి వాడే నేర్చుకుంటాడు అంది. "ఎవరి మాట వినను? ఎవరి మాట వినకపోయినా నేనే చెడ్డదాన్ని అవుతున్నాను" అని రాశారు.

ఉత్తరం చివర ఇంకో సంగతి. పోయిన వారం ఒక రాత్రి మూడింటికి కరెంటు పోయింది. వాడు ఏడుపు ఆపలేదు. ఈవిడ చెయ్యి చేసుకున్నారు. "ఒక్క క్షణం బిత్తరపోయి చూశాడండీ. తర్వాత కొట్టిన నా మెడనే గట్టిగా పట్టుకుని ఏడ్చాడు. ఇది వాడికి గుర్తుండిపోతుందా?"

అమ్మా,

ఆఖరి ప్రశ్నకి ఆఖర్న జవాబు రాస్తాను. దాన్ని పక్కన పెట్టేశానని అనుకోకండి.

మీరు గంటల లెక్క రాసి చాలా మంచి పని చేశారు. "అస్సలు పడుకోడు" అని మాత్రమే రాస్తే నాకేమీ తెలిసేది కాదు. మీరు రాసినవి కూడి చూశాను. రాత్రి పన్నెండు నుంచి ఎనిమిదిన్నర దాకా, మధ్యలో మేలుకున్న గంట తీసేస్తే, ఏడున్నర గంటలు. సాయంత్రం రెండున్నర. మొత్తం పది. ఈ వయసు పిల్లలకి పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అంటే వాడికి రోజుకి కనీసం గంట తక్కువ పడుతోంది. భయపడాల్సినంత కాదు, కానీ పట్టించుకోవాల్సినదే.

ఇంకో లెక్క ఇంతకంటే ముఖ్యం. నిద్ర కూడా ఆకలిలాగే పేరుకోవాలి. ఈ వయసు పిల్లలకి పగటి నిద్ర లేచాక మళ్లీ బాగా నిద్ర ముంచుకు రావాలంటే సుమారు ఐదు గంటలు, కొందరికి ఐదున్నర మెలకువగా గడవాలి. మీ బాబు ఆరున్నరకి లేస్తున్నాడు. దానికి ఐదున్నర కలపండి. సరిగ్గా పన్నెండు. వాడు మొండికేయడం లేదమ్మా, లెక్క ప్రకారమే పడుకుంటున్నాడు. తొమ్మిదింటికి వాడిని ఉయ్యాలలో వేసి గంటసేపు ఊపినా పడుకోలేదని రాశారు కదా, కారణం అదే. ఇప్పుడే భోంచేసి లేచినవాడి ముందు మళ్లీ విస్తరి వేస్తే ఏం తింటాడు?

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఒకటి తోచింది. మీ ఇంట్లో ఆ పిల్లవాడి మీద ప్రేమ లేనివాళ్లు ఒక్కరూ లేరు. నాన్నకి వాడిని చూడాలని, తాతకి కొడుకూ మనవడూ మాట్లాడుకుంటుంటే వినాలని, నాయనమ్మకి ఒళ్లో వేసుకుని ఊపాలని, మీకేమో పగలంతా మిషన్ మీద ఉన్నందుకు రాత్రయినా దగ్గర పడుకోబెట్టుకోవాలని. అందరి ముచ్చటా రాత్రి తొమ్మిది దాటాకే తీరుతోంది. వీటిలో ఏదీ మాన్పించమని నేను చెప్పను. వీటిని పగటిపూటకి జరపడమే మన పని. నేను రాయబోయేదంతా అందుకే.

పగటి నిద్రతో మొదలుపెడదాం, ఎందుకంటే దీనికి ఏడుపు అవసరం లేదు. అది మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతానికి వస్తే, మూడింటికి లేస్తే, రాత్రి ఎనిమిదిన్నరకి వాడంతట వాడికే కళ్లు మూతలు పడతాయి. కానీ ఇవాళ నాలుగింటికి పడుకునేవాడు రేపు ఒంటిగంటకి పడుకోడు. ఉదయం నుంచి జరపాలి. రెండేసి రోజులకి పావుగంట చొప్పున ముందుకి లేపండి. ఎనిమిదింపావు, ఎనిమిది, ఏడుముప్పావు అలా. లేవగానే వీధి అరుగు మీదికో పెరట్లోకో తీసుకెళ్లి వెలుతురు చూపించండి. ఒంట్లో గడియారం తిరిగేది ఆ వెలుతురుతోనే. అన్నం వేళా దానితోపాటే జరుగుతుంది. రెండున్నర అన్నం పన్నెండున్నరకి రావాలి. ఏడింటికి లేచే దాకా రావడానికి రెండు వారాలు పడుతుంది. ఈ రెండు వారాల్లో ఒకటి రెండు సాయంత్రాలు వాడు ఆరింటికే తూలుతూ చిరాకు పెడతాడు. అప్పుడు అత్తయ్యగారికి మనసాగదు, ఉయ్యాలలో వేసేస్తారు. ఒక పదిహేను నిమిషాలు పడుకున్నా ఆ రాత్రి మళ్లీ పదకొండవుతుంది. ఆ గండం తప్పించడానికి సాయంత్రం ఐదున్నరకి మావయ్యగారిని వాడిని తీసుకుని కాలువ గట్టు మీదికి వెళ్లమనండి. గేదెలు ఇంటికొచ్చే వేళ, కొంగలు కొబ్బరిచెట్ల మీదికి చేరే వేళ. ఏ పిల్లవాడూ అప్పుడు నిద్రపోడు.

టీ మాత్రం ఈ రోజు నుంచే మాన్పించండి. ఇందులో రెండో మాట లేదు. టీలో నిద్ర చెడగొట్టేది ఉంది, చిన్న ఒంట్లో అది చాలాసేపు ఉంటుంది. పైగా తిన్న తిండిలోని ఇనుము ఒంటికి పట్టనివ్వదు. అత్తయ్యగారికి ముంచి పెట్టడమే ముచ్చటైతే పాలలో ముంచి పెట్టమనండి.

ఇక నాన్న ఫోన్.

ఇది అన్నిటికంటే కష్టమైన ముడి అని నాకు తెలుసు. వాడికి నాన్నంటే ఆ ఫోన్‌లోని ముఖమే. ఆయనకి రోజంతా మండుటెండలో ఇంకొకరి కారు నడిపాక దక్కేది ఆ పది నిమిషాలే. నేను పుట్టింది ఈ గోదావరి డెల్టాలోనే. గల్ఫ్ వెళ్లిన ఇళ్లలో ఫోన్ మోగితే ఆ ఇంటి ముఖం ఎలా మారిపోతుందో చూస్తూ పెరిగాను. అందుకని రాత్రి ఫోన్ మానేయండి అని ఒక్క ముక్కలో తేల్చేయలేను. అయితే పదిన్నరకి ఏం జరుగుతోందో ఆయనకి తెలియదు. ఆయనకి కనిపించేది నవ్వుతూ గంతులేసే కొడుకు. ఫోన్ పెట్టేశాక వాడు పడే వేదన ఆయన చూడలేదు. తెర వెలుగు నిద్ర పట్టే గుణాన్ని వెనక్కి నెడుతుంది, పసివాళ్లలో మరీ. కానీ వెలుగుకంటే ఎక్కువ పని చేసేది ఆ ఎడబాటు. ఈ వయసులో కళ్ల ముందు ఉన్నవాళ్లు మాయమవడం వాళ్లకి పెద్ద దెబ్బ. నిద్రకి ముందు రోజూ నాన్న మాయమవుతున్నాడు. ఆ తర్వాత అమ్మ కూడా మాయమవుతుందేమోనని వాడు ఒంటిగంటకోసారి, మూడింటికోసారి చూసుకుంటున్నాడంటే నేను ఆశ్చర్యపోను.

మీకు మూడు దారులున్నాయి. మొదటిది, ఫోన్‌ని ఉదయానికి మార్చడం. యజమానిని ఆఫీసులో దింపాక కాసేపు పార్కింగ్‌లో ఖాళీగా ఉంటానని ఆయన అంటారని రాశారు. అక్కడ ఏడున్నర అంటే మనకి పది. బాబు లేచి, తిని, మంచి హుషారు మీద ఉండే వేళ. ఫోన్ అయిపోయాక ఏడ్చినా పెరట్లో కోడిపెట్టని చూస్తే మర్చిపోతాడు. ఇందులో నష్టం ఏమిటంటే, ఆయన కారులో కూర్చుని తొందర తొందరగా మాట్లాడాలి, కొన్ని రోజులు అసలు కుదరదు. రెండోది, రాత్రి ఫోన్ అలాగే ఉంచి బాబుని మాత్రం ముందే పడుకోబెట్టడం. పదిన్నరకి మీరూ మీవారూ మాట్లాడుకోండి. నిద్రపోతున్న కొడుకుని తలుపు దగ్గర నుంచి ఒకసారి చూపించండి. ఈ ఏడాదిన్నరలో మీ ఇద్దరూ పిల్లవాడి ఊసు లేకుండా ఎన్నిసార్లు మాట్లాడుకున్నారు? ఈ దారిలో అదీ కలిసొస్తుంది. మూడోది, ఏమీ మార్చకుండా సంక్రాంతి దాకా లాగడం. అదీ ఒక దారే, తప్పని అనను. కానీ అలాగైతే పగటి నిద్ర మార్చినా ఫలితం సగమే ఉంటుంది, ఆ మిగిలిన సగం మీ ఒంటి మీద పడుతుంది.

నన్నడిగితే మొదటిదీ రెండోదీ కలిపి చేయండి. ఆయన్ని ఒక పని అడగండి. తన గొంతుతో రెండు మూడు నిమిషాలు ఏదో ఒకటి, చిలకమ్మ కథో, ఇంట్లో వాళ్లందరి పేర్లూ చెప్పి "వాళ్లంతా పడుకున్నారు, నువ్వూ పడుకో నాన్నా" అనో, రికార్డు చేసి పంపమనండి. రోజూ పడుకునే ముందు ఫోన్ బోర్లా పెట్టి, బొమ్మ కనపడకుండా, ఆ గొంతు మాత్రం వినిపించండి. రోజూ అదే. మార్చొద్దు. అప్పుడు నాన్న వాడి నిద్రకి అడ్డు కాకుండా నిద్రలో భాగమవుతాడు. మావయ్యగారికి ఈ సంగతి మీరు చెప్పడంకంటే కొడుకు నోటితో చెప్పించడం మేలు.

ఉయ్యాల సంగతి. మీ అత్తయ్యగారు మీవారిని కూడా అలాగే పెంచి ఉంటారు. ఆ కొడుకు ఇప్పుడు సముద్రం అవతల ఉన్నాడు. ఆవిడ ఊపుతున్నది మనవడిని ఒక్కడినే కాదు. అందుకని "మీ ఉయ్యాల వల్లే వీడు లేస్తున్నాడు" అన్న మాట మీ నోటి నుంచి రానివ్వకండి. అయినా జరుగుతున్నది మీకు తెలియాలి. పసివాళ్ల నిద్ర సుమారు గంటకోసారి తేలికవుతుంది. ఆ సమయంలో అందరు పిల్లలూ కొద్దిగా మెసలుతారు, కళ్లు తెరుస్తారు. పడుకున్నప్పుడు ఉన్నది ఉన్నట్టే ఉంటే మళ్లీ నిద్రలోకి జారిపోతారు. మీ వాడు కదిలే ఉయ్యాలలో నిద్రపోయి కదలని పక్కమీద కళ్లు తెరుస్తున్నాడు. పంటు మీద గోదారి దాటుతూ కునుకు తీసిన మనిషికి, తెలివొచ్చేసరికి ఇసుక మీద ఒక్కడే పడుకుని ఉంటే ఎలా ఉంటుంది? అరుస్తాడు కదా.

కాబట్టి రాత్రి పూట ఎక్కడ తెల్లవారాలో అక్కడే నిద్ర పట్టేలా చేయాలి. పగటి ఉయ్యాల ఆవిడకే వదిలేయండి. కాకపోతే ఒక జాగ్రత్త. పదకొండు కిలోల పిల్లవాడు ఉయ్యాలలో లేచి నిలబడగలడు, తలకిందులు కాగలడు. చీర మెలిపడి మెడకి చుట్టుకున్న ప్రమాదాలు మన దేశంలోనే వైద్యుల దృష్టికి వచ్చాయి. నేలకి తక్కువ ఎత్తులో కట్టి, చీర దగ్గరికి రాకుండా అడ్డకర్ర పెట్టి, కింద బొంత పరిచి, వాడు లేచేదాకా ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలి. మీరు మిషన్ మీద, ఆవిడ వంటింట్లో, వాడొక్కడే ఉయ్యాలలో అన్నది ఉండకూడదు.

రాత్రి మార్పు నెమ్మదిగా చేయొచ్చు. మొదటి మూడు నాలుగు రోజులు ఉయ్యాలే, కానీ ఊపు తగ్గించి. తర్వాత కళ్లు బరువెక్కగానే ఊపడం ఆపి, చెయ్యి వేసి జోకొట్టండి. ఆ తర్వాత అదే ఉయ్యాల కింద బొంత మీద, అదే చీర పైన కప్పి, పక్కన మీరు పడుకుని జోకొట్టండి. చీర వాసన వాడికి తెలిసిన వాసనే. ఇందులో ఏడుపు ఉంటుంది, లేదని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. బొంత మీదికి మారిన మూడు నాలుగు రాత్రులు గట్టిగానే ఏడుస్తాడు. కానీ మీ పక్కనే, మీ చెయ్యి ఒంటి మీద ఉండగా ఏడుస్తాడు. ఇలా నిద్రపోవడం అలవాటయ్యాక నడిరాత్రి మెలకువలు కూడా ఒక్కొక్కటిగా తగ్గుతాయి. రెండు మూడు వారాలు పట్టొచ్చు. మధ్యలో ఒక రాత్రి ఓపిక నశించి మళ్లీ ఉయ్యాలలో వేశారనుకోండి, కొంపేమీ మునగదు. మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి.

ఎప్పుడు చేయాలో మీరే చూసుకోండి. శ్రావణం దగ్గర పడుతోంది, జాకెట్లు గుట్టగా ఉన్నాయని రాశారు. పగటి నిద్ర, టీ, ఫోన్, ఇవి ఇప్పుడే మార్చవచ్చు. ఉయ్యాల మాన్పించడం మాత్రం శ్రావణం వెళ్లాక పెట్టుకుంటే మీకు నాలుగు రాత్రులు పాడైనా పని పాడు కాదు. పైగా వాడు ఎనిమిదిన్నరకి పడుకోవడం మొదలైతే ఒంటిగంట దాకా కుట్టే పని తొమ్మిది నుంచి పదిన్నర మధ్యలో చాలావరకు అవుతుంది. మిషన్ ఇంకో గదిలో పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి.

మీ అక్క చెప్పినదాని గురించి. ఆవిడ ఊరికే అనలేదు. ఏడుపుని కొంతవరకు ఓర్చుకుని పిల్లలకి నిద్ర అలవాటు చేసే పద్ధతుల మీద చాలా పరిశోధన జరిగింది. ఆస్ట్రేలియాలో పసికందులుగా ఉన్నప్పుడు ఇలా అలవాటు చేసిన పిల్లల్ని ఆరేళ్ల వయసులో మళ్లీ చూసి, వాళ్లకి ఏ హానీ జరగలేదని 2012లో ప్రచురించారు. కానీ వాళ్లు చేసింది తలుపేసి పోవడం కాదు. కొద్ది నిమిషాలకోసారి వెళ్లి ఊరడించడం, లేదంటే పక్కనే కూర్చుని రోజు రోజుకీ కొంచెం దూరం జరగడం. నేను పైన చెప్పింది ఈ రెండో దానికి దగ్గరి చుట్టం. తలుపేసే పద్ధతి మీ ఇంట్లో ఎందుకు కుదరదో చెబుతాను. పదో నిమిషానికి అత్తయ్యగారు తలుపు తీసేస్తారు. పోనీ ఆవిడ ఆగినా, ఇరవయ్యో నిమిషానికి పక్కింటివాళ్లు వస్తారు. అప్పుడు వాడు నేర్చుకునేది, ఇరవై నిమిషాలు గట్టిగా ఏడిస్తే పని అవుతుందని. ఇంట్లో అందరూ ఒక్క మాట మీద నిలబడలేని పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

పాలు మాన్పించాలా? రెండేళ్లు, ఆ పైన తల్లీబిడ్డా కోరుకున్నంత కాలం ఇవ్వమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేపాకు అక్కర్లేదు. అలా ఒక్కసారిగా ఆపితే మీకు రొమ్ములు గట్టిపడి జ్వరం రావచ్చు, వాడికి ఓదార్పు ఉన్నట్టుండి చేదైపోతుంది. మీకు మానాలని ఉంటే పగటివి ముందు తగ్గించి, రాత్రివి ఒక్కొక్కటిగా తగ్గించండి. ఉండాలని ఉంటే ఉంచండి, కానీ పడుకునే ముందు ఇచ్చే పాలు దీపం వెలుగుతుండగా, కూర్చుని ఇచ్చి, పళ్లు తుడిచి, అప్పుడు బొంత మీదికి తీసుకెళ్లండి. పాలకీ నిద్రకీ మధ్య ఆ కాస్త ఎడం చాలు.

జలుబు మందు మాత్రం వద్దమ్మా. ఎవరు చెప్పినా వద్దు. జలుబు మందుల్లో ఎక్కువగా ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందులు నాలుగేళ్లలోపు పిల్లలకి వాడకూడదని సీసా మీదే ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. మా నాయనమ్మ చెప్పేది, ఆవిడ చిన్నతనంలో ఊడ్పులకి వెళ్లే తల్లులు పసిపిల్లలకి ఆవగింజంత నల్లమందు నాకించి గట్టు మీద పడుకోబెట్టేవారట. కొందరు లేచేవారు కాదట. వాళ్లకి ఇంకో దారి లేదు. మీకుంది.

దిష్టి సంగతి విని నేను నవ్వలేదు. తీయనివ్వండి. ఏడున్నరకి, రోజూ అదే వేళకి తీయమనండి. మిరపకాయల పొగ మాత్రం వద్దు, దగ్గొస్తుంది. ఎర్రనీళ్లతో తీయమనండి. ముందు గోరువెచ్చని నీళ్ల స్నానం, చేతికీ కాలికీ కాస్త కొబ్బరినూనె, పల్చటి నూలు జుబ్బా, నాయనమ్మ దిష్టి, నాన్న గొంతు, లైటు ఆర్పడం. ఈ వరస మారకుండా జరిగితే ఎర్రనీళ్లు చూడగానే వాడికి ఆవలింత వస్తుంది. 2009లో అమెరికాలో నాలుగు వందల మందికి పైగా తల్లులతో చేసిన పరిశీలనలో, ఇలాంటి వరసే స్నానం, మర్దన, లాలిపాటలతో పెట్టుకున్న ఇళ్లలో పిల్లలు తొందరగా నిద్రపోయారు, రాత్రి లేవడం తగ్గింది, తల్లుల చిరాకూ తగ్గింది. ఇందులో నాయనమ్మకి ఒక పని ఉంది. ఆవిడ కాదనరు.

గది విషయం మీరు ఎక్కువ రాయలేదు. మన వైపు వానాకాలం ఉక్క, దోమలు మీకు చెప్పాలా? దోమల చక్రం పొగ పసివాళ్ల ఊపిరికి మంచిది కాదు, దోమతెర కట్టండి. ఫ్యాన్ ఆగితే లేస్తున్నాడు కాబట్టి తాటాకు విసనకర్ర, చిన్న బ్యాటరీ లైటు చేతికందేచోట పెట్టుకోండి. చీకట్లో అగ్గిపెట్టె వెతుక్కునే ఆ రెండు నిమిషాలే మనిషిని సగం చంపుతాయి.

ఇవన్నీ చేసే ముందు ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి. గురక పెడుతున్నాడా, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడా, నిద్రలో కాళ్లు తెగ కొట్టుకుంటున్నాడా, మట్టో పచ్చి బియ్యమో తింటున్నాడా, రాత్రి పూట కింద గోక్కుంటున్నాడా అని గమనించి చెప్పండి. గురక ముక్కు వెనక గ్రంథుల వల్ల కావచ్చు. గోక్కోవడం నులిపురుగుల వల్ల కావచ్చు. ఆగస్టు 10న వేసే నులిపురుగుల మాత్ర ఈ వయసుకి సగం, పొడి చేసి ఇవ్వాలి. కాళ్లు కొట్టుకోవడం, మట్టి తినడం రక్తం తక్కువైతే కూడా ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గర ఐరన్ సిరప్ ఉంటుంది, వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు. రక్త పరీక్షలో ఇంకా తక్కువ ఉంటే మోతాదు డాక్టరు చెబుతారు.

ఇప్పుడు మీ సంగతి. ఒంటిగంటకి పడుకుని ఐదింటికి లేస్తూ, మధ్యలో మూడింటికీ లేస్తూ, ఏడాదిన్నరగా ఒక్కరే రాత్రంతా కాస్తున్నారు. ఎవరికైనా చెయ్యి లేస్తుంది. అలాగని అది మామూలే అని నేను సర్దిచెప్పను, ఎందుకంటే మీకే అది మామూలుగా అనిపించలేదు. మళ్లీ అలాంటి రాత్రి వస్తే ఏం చేయాలో ఇప్పుడే, పగటిపూట, అత్తయ్యగారితో మాట్లాడి పెట్టుకోండి. "అత్తయ్యా, నాకు ఓపిక అయిపోతే వాడిని తెచ్చి మీ పక్కలో వేస్తాను, అప్పుడు నన్నేమీ అడక్కండి" అని చెప్పండి. ఆవిడ నిద్రలో ఉంటే వాడిని దోమతెరలో కింద బొంత మీద పడుకోబెట్టి, బయటికెళ్లి ముఖం మీద నీళ్లు చల్లుకుని రండి. రెండు నిమిషాలు ఎక్కువ ఏడ్చినా ఏమీ కాదు. వారంలో ఒక రాత్రి, శనివారం అనుకోండి, వాడి పడక నాయనమ్మ దగ్గర. ఆ రాత్రి ఉయ్యాల ఊపినా సరే. మీకు ఆరు గంటలు కలిపి నిద్ర దొరకడం ఆ క్రమశిక్షణకంటే విలువైనది. పగలు కూడా ఊరికే ఏడుపొస్తుంటే, తిండి సయించకపోతే, బతకాలనిపించకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

మీ ప్రశ్న. వాడికి గుర్తుండిపోతుందా?

రెండేళ్లు నిండని పిల్లలకి ఒక రాత్రి జరిగిన సంఘటన పెద్దయ్యాక జ్ఞాపకంగా మిగలదు. మనలో ఎవరికీ ఆ వయసు రాత్రులు గుర్తులేవు. రోజూ కొడుతుంటే భయం ఒంట్లో దిగుతుంది, అది వేరే సంగతి. మీది అది కాదు. ఆ రాత్రి మీరే రాశారు, వాడు మీ మెడ పట్టుకున్నాడని. భయమేసినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో వాడికి తెలుసు, ఆ ఎవరో మీరే. అప్పుడు మీరేం చేశారో రాయలేదు. దగ్గరికి తీసుకునే ఉంటారు. ఇంకా మనసులో ఉంటే, రేపు పొద్దున అరుగు మీద ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఆ రోజు అమ్మ కొట్టింది, తప్పు చేసింది" అని చెప్పండి. వాడికి మాటలన్నీ అర్థం కావు. మీ ముఖం అర్థమవుతుంది.

ఎలాగూ ఎనిమిదింపావుకి లేపాలి కదా, అప్పుడే చెప్పండి.